సంతకానికి ముందు రెండేళ్లు

సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ పాసైన వారంలో మీకు అందే సలహాల్లో చాలావరకు ఫర్మ్ పేరు చుట్టూనే తిరుగుతాయి. పెద్ద ఫర్మ్‌లో చేరు, రెజ్యూమెలో బాగుంటుంది అని ఒకరంటారు. ఊళ్లోనే చేరు, చదువుకోవడానికి టైం దొరుకుతుంది అని ఇంకొకరంటారు. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. అయితే ముందు ఒక లెక్క చూసుకోండి. 2023 జూలై 1 నుంచి వచ్చిన కొత్త స్కీంలో ఆర్టికల్‌షిప్‌ను మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించారు. తప్పు ఆఫీసులో చేరి ఆరు నెలలు పోగొట్టుకుంటే ట్రైనింగ్‌లో పావు వంతు పోయినట్టే. మీ సీనియర్లకు మొదటి ఏడాది వృథా అయినా ఇంకా రెండేళ్లు చేతిలో ఉండేవి. మీకు ఆ వెసులుబాటు లేదు.

ఇంటర్ రెండు గ్రూపులూ అయ్యాకే ఆర్టికల్స్, ఆర్టికల్స్ పూర్తయ్యాక ఆరు నెలలు ఆగి ఫైనల్ అన్నది ఇప్పటి క్రమం. సెలవులు ఏడాదికి 12 రోజులే. పరీక్ష పేరు చెప్పి నెలల తరబడి స్టడీ లీవ్ తీసుకునే పాత అలవాటు ఇక నడవదు. మీకు స్టైపెండ్ ఇచ్చే ప్రిన్సిపల్ కూడా దాన్నిబట్టే లెక్క వేసుకుంటారు: ఈ పిల్ల, ఈ పిల్లాడు రెండేళ్లూ పూర్తిగా ఆఫీసు మనిషే అని. కాబట్టి ఆ రెండేళ్లలో ఆఫీసు మీ నుంచి ఏం తీసుకుంటుందో ఎలాగూ తీసుకుంటుంది. మీరు ఆఫీసు నుంచి ఏం రాబట్టుకుంటారన్నదే మీరు చూసుకోవాల్సింది.

పెద్ద ఫర్మ్‌లో పద్ధతి నేర్చుకుంటారు. ప్రతి పనికీ ఒక ఫార్మాట్, ప్రతి వర్కింగ్ పేపర్‌కీ రివ్యూ, రివ్యూ మీద మళ్లీ రివ్యూ. అయితే ఒకే లిస్టెడ్ కంపెనీలో ఫిక్స్‌డ్ అసెట్స్ ఒక్కటే చూస్తూ నెలలు గడిచిపోయే ప్రమాదం ఉంది. రెండేళ్ల తర్వాత సొంత బాబాయి షాపుకు జీఎస్టీ రిటర్న్ వేయడం రాకపోవచ్చు. చిన్న ఆఫీసులో దీనికి పూర్తిగా తిరగేసిన కథ. 11వ తేదీ దాకా జీఎస్టీఆర్-1, 20వ తేదీ దాకా 3బీ, మిగతా రోజుల్లో టీడీఎస్, నోటీసులకు జవాబులు. పని అంతా చేతికి వస్తుంది గానీ, ఆడిట్ అంటే ట్యాలీలో ఎంట్రీలు కొట్టడమే అన్న అపోహ కూడా దాంతోపాటే వస్తుంది. ఎటు వెళ్లాలో ఇంకా తేలనివారికి నా మాట ఒక్కటే: నలుగురైదుగురు పార్ట్‌నర్లుండి, బ్యాంకు ఆడిట్లు, ఓ మోస్తరు కంపెనీల ఆడిట్లు, ట్యాక్స్ పనులు అన్నీ ఉన్న మధ్యస్థాయి ఆఫీసు చూసుకోండి. విజయవాడ, విశాఖ, హైదరాబాద్‌లలో ఇలాంటివి కావలసినన్ని ఉన్నాయి. బోర్డు పెద్దగా కనపడకపోవచ్చు, అంతే.

ఇంటర్వ్యూలో మిమ్మల్ని వాళ్లు అడిగే ప్రశ్నలకు సిద్ధమవుతారు సరే, మీరు అడగాల్సినవీ రాసుకుని వెళ్లండి. గత ఏడాది ఆర్టికల్స్ ఏయే పనులకు వెళ్లారు? ఒక పని మీద ఎన్నాళ్లు ఉంచుతారు? మా వర్కింగ్ పేపర్లు ఎవరు చూస్తారు? ఇవి మర్యాదగా అడిగితే ఏ సీనియర్ పార్ట్‌నరూ తప్పుపట్టరు. తప్పుపట్టారంటే అదీ ఒక జవాబే. బయటికొచ్చాక అక్కడ పనిచేస్తున్న ఆర్టికల్స్‌లో ఒకరిని టీకి తీసుకెళ్లండి. సార్ మంచివారేనా అని అడగొద్దు, అందరూ మంచివారనే చెబుతారు. మీ ఫైల్ మీద పార్ట్‌నర్ ఆఖరిసారి క్వెరీ రాసింది ఎప్పుడని అడగండి. జవాబు కోసం ఆలోచించాల్సి వస్తే ఆ ఆఫీసులో మీకు నేర్పేవారు లేరని అర్థం.

స్టైపెండ్ గురించి ఆశలు పెట్టుకోకండి. ఇన్‌స్టిట్యూట్ పెట్టిన కనీస మొత్తం హైదరాబాద్‌లో హాస్టల్ ఫీజుకే చాలదు. ఇంటి నుంచి నెలకు ఎంత రావాలో చేరకముందే అమ్మానాన్నలతో లెక్క తేల్చుకోండి. డబ్బు చాలక ఏడాది మధ్యలో ఆఫీసు మారదామనుకుంటే మారడం అంత తేలిక కాదు. ట్రాన్స్‌ఫర్‌కి ఇన్‌స్టిట్యూట్ నిబంధనలు ఒప్పుకోవాలి, ప్రిన్సిపల్ సంతకం పెట్టాలి.

ఇక డమ్మీ ఆర్టికల్స్. కాగితం మీద ఒక ఆఫీసులో ట్రైనీ, మనిషి మాత్రం కోచింగ్ సెంటర్‌లోనో వేరే ఉద్యోగంలోనో. ఇలా ఏర్పాటు చేస్తామనేవాళ్లు మీకు ఎదురవుతారు. ఫైనల్ తొందరగా కొట్టాలన్న ఆత్రంలో ఇది తెలివైన దారిలాగే కనిపిస్తుంది. ఇన్‌స్టిట్యూట్ దృష్టికి వస్తే ట్రైనింగ్ రద్దవుతుంది, సంతకం పెట్టిన మెంబర్ మీద కూడా చర్య ఉంటుంది. పట్టుబడకపోయినా లెక్క తప్పుతుంది. ఉద్యోగం ఇంటర్వ్యూలో నాలుగో ప్రశ్నకే దొరికిపోతారు. స్టాక్ వెరిఫికేషన్‌కి వెళ్లినప్పుడు ముందు ఏ కాగితం అడిగావు అంటే, వెళ్లనివాడి దగ్గర చెప్పడానికేమీ ఉండదు.

చేరిన రోజు నుంచే కాగితాల విషయంలో జాగ్రత్తగా ఉండండి. ఆర్టికల్స్ మొదలైన 30 రోజుల్లోగా ఫారం 103 దాఖలు కావాలి. ఆఫీసు చూసుకుంటుందిలే అని వదిలేసి, నాలుగు నెలల తర్వాత పోర్టల్‌లో చూస్తే రిజిస్ట్రేషన్ పెండింగ్‌లో ఉన్నవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. మీ లాగిన్‌లో మీరే చూసుకోండి. ఏ క్లయింట్ దగ్గర, ఏ తేదీల్లో, ఏ పని చేశారో ఒక డైరీలో రాసుకోండి. రేపు రెజ్యూమె రాసేటప్పుడు గానీ, ఎవరైనా మీ ట్రైనింగ్‌ను ప్రశ్నించినప్పుడు గానీ పనికొచ్చేది అదే.

వోచర్‌ని చూడటం

మొదటి నెల వోచింగే ఇస్తారు. విసుగుపుట్టే పని అని అందరూ అంటారు. నిజానికి దాన్ని విసుగ్గా చేయడం వల్లే అలా అనిపిస్తుంది. లెడ్జర్‌లో అంకె, వోచర్‌లో అంకె కలిసిందా, టిక్కు పెట్టామా, పక్క పేజీకి పోదామా అన్నట్టు చేస్తే అది టిక్కుల పనే.

ఒక రైస్ మిల్లు క్యాష్ వోచర్లు తీసుకుందాం. హమాలీ మేస్త్రీకి 9,500, మళ్లీ 9,500, ఇంకో 9,500. మూడు వోచర్లు, మూడు నంబర్లు, ఒకే తేదీ. ఒక రోజులో ఒక మనిషికి నగదుగా ఇచ్చింది 10,000 దాటితే ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో తీసేయాలని 1961 చట్టంలోని 40ఎ(3) చెబుతుంది. విడివిడిగా చూస్తే మూడూ పరిమితి లోపలే. కలిపితే 28,500, మొత్తం పోతుంది. అదే మిల్లు రైతుకు ధాన్యం డబ్బు 40,000 నగదుగా ఇచ్చినా ఆ ఇబ్బంది లేదు, ఎందుకంటే సాగుచేసిన రైతు దగ్గర నేరుగా పంట కొన్నందుకు రూల్ 6డీడీ మినహాయింపు ఇస్తుంది. కాబట్టి వోచర్ మీద పేరు చూడగానే మీరు అడగాల్సింది ఆ పేరు రైతుదా, దళారీదా అని. పట్టాదారు పాస్‌పుస్తకం నకలో, కొనుగోలు చీటీయో ఉందా అని. టిక్కు పెట్టే పెన్ను ఆ తర్వాత తీయాలి.

ఇంకొన్ని కంటితో చూస్తే దొరుకుతాయి. జనవరి నుంచి మార్చి దాకా వోచర్లన్నీ ఒకే పెన్నుతో, ఒకే ఒరవడిలో ఉన్నాయి, కాగితం ఎక్కడా నలగలేదు. అంటే ఆడిట్ వస్తోందని ఒక సాయంత్రం కూర్చుని రాసినవి. సంక్రాంతి రోజున మిల్లు మూసి ఉంటే ఆ తేదీన హమాలీ కూలి ఎలా వచ్చింది? ఇలాంటివి కనపడితే గుమాస్తా మీద విరుచుకుపడకండి. ఆయన ఆ మిల్లులో మీరు పుట్టకముందు నుంచి లెక్కలు రాస్తుండొచ్చు. ‘బాబాయ్, ఈ మూడింటి గురించి కొంచెం చెప్తారా, సార్ అడుగుతారు’ అంటే చెబుతారు. ‘ఇది తప్పు, ఇలా రాయకూడదు’ అంటే ఆ రోజు నుంచి మీకు ఒక్క ఫైలూ దొరకదు. ఆయన చెప్పిన జవాబును మాత్రం ఆయన మాటల్లోనే, తేదీ వేసి వర్కింగ్ పేపర్‌లో రాయండి. ‘డిస్కస్డ్ అండ్ క్లియర్డ్’ అని రాసే అలవాటు మొదటి నెలలోనే మానుకోండి. ఎవరితో డిస్కస్ చేశారు, ఏ కాగితం చూసి క్లియర్ చేశారు అన్నది లేని వాక్యం ఆడిట్ ఫైల్‌లో ఉన్నా లేనట్టే.

ఆడిట్ రిపోర్ట్ తేదీ నుంచి 60 రోజుల్లోగా ఫైల్ పూర్తి చేసి మూసేయాలి, ఆ తేదీ నుంచి ఏడేళ్లు దాచాలి అన్నది పద్ధతి. ఆ ఏడేళ్లలో ఎప్పుడైనా ఎవరైనా ఆ ఫైల్ తెరవొచ్చు. ఇన్‌స్టిట్యూట్ కావచ్చు, పీర్ రివ్యూయర్ కావచ్చు, లిస్టెడ్ కంపెనీ అయితే 2018 అక్టోబర్ నుంచి పనిచేస్తున్న ఆడిట్ నియంత్రణ సంస్థ ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ కావచ్చు. తప్పు తేలితే ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏకి ఆడిటర్‌ను పదేళ్ల దాకా ఆడిట్ పనికి దూరంగా ఉంచే అధికారం ఉంది. అప్పుడు ఆ ఫైల్‌లో మాట్లాడేది మీరు రాసిన కాగితమే, మీరు గుర్తుపెట్టుకున్నది కాదు.

గోదాంలో సరుకు ఎవరిది?

బ్యాంకు తరఫున స్టాక్ ఆడిట్‌కి వెళ్లడం తెలుగు జిల్లాల్లో ఆర్టికల్స్‌కు తరచూ వచ్చే పని. రైస్ మిల్లు కావచ్చు, గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ కావచ్చు. తప్పులు ఎక్కువగా జరిగేవి ఇక్కడే, అందుకని కొంచెం వివరంగా చెబుతాను.

మిల్లు బ్యాంకుకిచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్‌లో 30,000 బస్తాల ధాన్యం ఉందనుకుందాం. బస్తా 40 కిలోలు. మొత్తం 12,000 క్వింటాళ్లు. క్వింటా 2,300 చొప్పున 2 కోట్ల 76 లక్షలు. 25 శాతం మార్జిన్ తీసేస్తే డ్రాయింగ్ పవర్ 2 కోట్ల 7 లక్షలు. లిమిట్ 2 కోట్లు. అంతా సరిగ్గా సరిపోయింది. కొత్తవాళ్లు గోదాంలోకి వెళ్లి బస్తాలు లెక్కపెడతారు. 30,000 ఉన్నాయి. ఫోటో తీసుకుని, మిల్లు యజమాని ఇచ్చిన కూల్‌డ్రింక్ తాగి, రిపోర్ట్ రాసేస్తారు.

ఆ బస్తాల్లో 20,000 ప్రభుత్వానివి. కస్టమ్ మిల్లింగ్ కింద పౌరసరఫరాల సంస్థ రైతుల దగ్గర కొని, మర ఆడించి బియ్యం ఇవ్వమని మిల్లుకు అప్పగించిన ధాన్యం. మిల్లు దానికి కాపలాదారే గాని సొంతదారు కాదు. పచ్చి బియ్యమైతే క్వింటా ధాన్యానికి 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పగించాలి. ఆ ధాన్యాన్ని బ్యాంకుకు తాకట్టు చూపే హక్కు మిల్లుకు లేదు. తీసేస్తే మిగిలేది 10,000 బస్తాలు, 4,000 క్వింటాళ్లు, 92 లక్షలు. మార్జిన్ పోను డ్రాయింగ్ పవర్ 69 లక్షలు. మిల్లు వాడుకున్నది 2 కోట్లయితే 1 కోటీ 31 లక్షలకు సెక్యూరిటీ లేదు. బస్తాల లెక్క ఒక్కటీ తప్పు కాలేదు. అడగని ప్రశ్నే తప్పు.

అందుకని గోదాంలో అడుగు పెట్టకముందే కస్టమ్ మిల్లింగ్ రిజిస్టర్ అడగండి. ఎంత ధాన్యం వచ్చింది, ఎంత బియ్యం అప్పగించారు, ఎంత బాకీ ఉంది అన్నది అందులో తేలుతుంది. సొంత ధాన్యానికి కొనుగోలు బిల్లులు, మార్కెట్ సెస్ కట్టిన కాగితాలు వేరుగా అడగండి. రెండూ కలిపినదాన్ని గోదాంతో పోల్చండి. ధాన్యానికి ఇంకా డబ్బు ఇవ్వకపోతే ఆ బాకీని కూడా డ్రాయింగ్ పవర్ నుంచి తీసేయాలి. ఇది చాలామంది మర్చిపోతారు.

లెక్కపెట్టడంలోనూ మెలకువ కావాలి. బస్తాలు నెట్టు కట్టి ఉంటాయి. పొడవు ఇన్ని, వెడల్పు ఇన్ని, ఎత్తు ఇన్ని అని గుణిస్తే లోపల కూడా బస్తాలున్నాయని మీరే ఒప్పుకున్నట్టు. నాలుగు పక్కలా బస్తాలు పేర్చి మధ్యలో ఖాళీ వదిలిన నెట్లు కొత్తేమీ కాదు. నిచ్చెన వేయించుకుని పైకెక్కి నడవండి. మధ్యలో రెండు చోట్ల పై వరస బస్తాలు తీయించి చూడండి. హమాలీలు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఒకటి రెండు బస్తాలు తూకం వేయించండి. లోపలున్నది ధాన్యమా, ఊకా అని చేయి పెట్టి చూడండి.

పుస్తకాల్లో కూడా ఒక తేలికైన పరీక్ష ఉంది. ధాన్యం మర ఆడితే బియ్యం ఒక్కటే రాదు. తవుడు, నూకలు, ఊక కూడా వస్తాయి. బియ్యం అమ్మకాలు భారీగా ఉండి తవుడు అమ్మకం కనపడకపోతే ఆ బియ్యం ఈ మిల్లులో ఆడింది కాదు, లేదా అసలు లేదు. కరెంటు బిల్లు పక్కన పెట్టి చూస్తే మిల్లు ఎన్ని నెలలు నడిచిందో తెలిసిపోతుంది. కోల్డ్ స్టోరేజీలో మిర్చి అయితే రసీదు ఎవరి పేరున ఉంది, అదే రసీదు మీద ఇంకో బ్యాంకులో అప్పు ఉందా అన్నది మొదటి ప్రశ్న. టిక్కీల సంఖ్య ఆ తర్వాతి సంగతి.

బ్యాంకు ఉత్తరం మీ చేతికే రావాలి

ఇందుకు మన హైదరాబాద్ కేసే ఉండగా వేరే ఉదాహరణ వెతకనక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరంలో 5,040 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు లేనివేనని బయటపెట్టారు. బ్యాంకు బ్యాలెన్స్ అనేది ఆడిట్‌లో అన్నిటికన్నా సులువుగా తేలే అంశం. బ్యాంకును నేరుగా అడిగితే సరిపోతుంది. 2011 ఏప్రిల్‌లో అమెరికా ఎస్‌ఈసీ ఆడిట్ సంస్థల మీద చర్య తీసుకున్నప్పుడు చూపిన లోపం సరిగ్గా ఇదే: కన్ఫర్మేషన్ ఉత్తరాలు పంపడం, జవాబులు అందుకోవడం కంపెనీ చేతుల్లో వదిలేశారు. ఎస్‌ఈసీకి, అక్కడి ఆడిట్ నియంత్రణ సంస్థకు కలిపి ఆ సంస్థలు కట్టింది 75 లక్షల డాలర్లు.

ఉత్తరాలు పోస్ట్ చేయడం, మెయిల్ పంపడం, ఫాలో అప్ చేయడం అన్నీ ఆఫీసుల్లో ఆర్టికల్స్ చేతి మీదుగా జరిగే పనులే. క్లయింట్ అకౌంటెంట్ ‘మీకెందుకు శ్రమ, మేమే బ్యాంకు నుంచి తెప్పించి ఇస్తాం’ అంటాడు. మంచి మనసుతోనే అనొచ్చు. మీరు మాత్రం బ్రాంచి చిరునామా బ్యాంకు వెబ్‌సైట్‌లో చూసుకుని, ఆఫీసు నుంచే పంపి, జవాబు ఆఫీసుకే వచ్చేలా చూడండి. మెయిల్ అయితే బ్యాంకు అధికారిక డొమైన్ నుంచి వచ్చిందా చూడండి. జీమెయిల్ నుంచి బ్రాంచి మేనేజర్ పంపినట్టు వచ్చిన కన్ఫర్మేషన్‌ను ఫైల్‌లో పెట్టి టిక్కు కొట్టారంటే ఆ టిక్కు మీది.

సెప్టెంబర్

ట్యాక్స్ ఆడిట్ గడువు సాధారణంగా సెప్టెంబర్ 30. ఆ నెలలో ఏ ఆఫీసులోనైనా రాత్రి పదకొండు మామూలే. దాని గురించి ఫిర్యాదు చేసి లాభం లేదు. వృత్తి ఇలాగే ఉంటుంది, ఇకముందూ ఇలాగే ఉంటుంది. అయితే ఆ ఒత్తిడిలోనే మీ మెడకు చుట్టుకునే పనులు జరుగుతాయి.

అందరికన్నా వేగంగా టైప్ చేసేది ఆర్టికలే కాబట్టి పార్ట్‌నర్ లాగిన్, పాస్‌వర్డ్, డిజిటల్ సంతకం టోకెన్ అన్నీ ఆర్టికల్ చేతికి వస్తాయి. 2019 నుంచి దశలవారీగా ఆడిట్ రిపోర్టులన్నిటికీ, సర్టిఫికెట్లన్నిటికీ 18 క్యారెక్టర్ల యూడీఐఎన్ తప్పనిసరైంది. దాన్ని తీసే పని కూడా మీకే చెబుతారు. తీసేముందు సంతకమైన కాపీ మీ చేతిలో ఉండాలి. సార్ ‘అంతా ఓకే, తీసేయ్’ అని ఫోన్‌లో చెబితే ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టమనండి. కోపం వస్తే రానివ్వండి, మరుసటి రోజుకి మర్చిపోతారు. క్లయింట్ డిజిటల్ సంతకం ఆఫీసు డ్రాయర్‌లో పడి ఉండటం కూడా సాధారణ దృశ్యమే. ఆయన చూడని రిటర్న్‌ని ఆయన సంతకంతో దాఖలు చేయకండి. డ్రాఫ్ట్ పంపి, ‘సరే’ అని రాతలో తీసుకున్నాకే ఫైల్ చేయండి. డిమాండ్ నోటీసు వచ్చిన రోజు ‘నాకు చూపించలేదు’ అనే క్లయింట్లు చాలామంది.

ఇంకో సంగతి. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేసరికి సెక్షన్ నంబర్లన్నీ మారిపోయాయి. 2025-26లో వచ్చిన ఆదాయానికి పాత చట్టం, ఆ తర్వాతి దానికి కొత్తది. కొన్నేళ్లపాటు రెండూ చేతిలో ఉండాల్సిందే. గత ఏడాది ఫైల్ చూసి సెక్షన్ నంబర్ కాపీ కొట్టేవారు ఈ కాలంలోనే దొరికిపోతారు. నంబర్ కాకుండా విషయం నేర్చుకున్నవారికి దీంతో పెద్ద ఇబ్బంది లేదు.

నెట్‌వర్త్ సర్టిఫికెట్

అమెరికా, యూకే, ఆస్ట్రేలియా వెళ్లే పిల్లల వీసాల కాలంలో తెలుగు ఊళ్లలో సీఏ ఆఫీసుల ముందు వరస కడతారు. తండ్రి ఆస్తి ఎంతో సర్టిఫికెట్ కావాలి, అదీ రేపటికల్లా. చిన్న పని, చిన్న ఫీజు. కాబట్టి తయారుచేసేది ఆర్టికలే.

తండ్రి చెప్పిన లెక్క ఇలా ఉంటుంది: పొలం మూడెకరాలు, ఎకరం కోటి, ఇల్లు 80 లక్షలు, బంగారం 60 కాసులు. మీరు టైప్ చేసి ప్రింట్ తీస్తే అది ఆయన కోరిక అవుతుంది గానీ సర్టిఫికెట్ కాదు. పొలానికి పాస్‌పుస్తకం, ఈసీ చూడండి. పొలం తాతగారి పేరునే ఉండి, పంపకాలు కాకపోతే అది ఈయన ఆస్తి కాదు. విలువ ఎక్కడిది? రిజిస్టర్డ్ వాల్యూయర్ రిపోర్టు నుంచా, రిజిస్ట్రేషన్ శాఖ విలువా, ఆయన మాటా? ఏదైతే అదే సర్టిఫికెట్‌లో రాయాలి. ఇంటి మీద బ్యాంకు లోన్ ఉంటే ఆ బాకీ చూపాలి. నెట్‌వర్త్ అంటే బాకీలు పోగా మిగిలేదని పెద్దమనుషులకు కూడా గుర్తుచేయాల్సి వస్తుంది. ‘అందరూ ఇస్తున్నారు కదమ్మా, పిల్లాడి జీవితం’ అని ఆయన బతిమాలుతారు. బాధగానే ఉంటుంది. కాగితం లేనిది కలపొద్దు. చూడకుండా సర్టిఫై చేయడం, తగిన శ్రద్ధ పెట్టకపోవడం సీఏ చట్టం రెండో షెడ్యూల్ కింద వృత్తిపరమైన తప్పులు. చిన్న ఫీజుకు తీసుకున్న పని కోసం ఇన్‌స్టిట్యూట్ డిసిప్లినరీ కమిటీ ముందు నిలబడాల్సి రావచ్చు.

చదువు సంగతి

ఆర్టికల్స్‌లో ఉండగా రోజూ ఆరు గంటలు చదువుతామని టైంటేబుల్ వేసుకునేవారు రెండో వారానికే వదిలేస్తారు. పొద్దున గంటన్నర నికరంగా కుదిరితే చాలు. సెప్టెంబర్‌లో అదీ కుదరదని ముందే ఒప్పుకోండి. ఫైనల్‌కి ముందు పూర్తిచేయాల్సిన సెల్ఫ్ పేస్డ్ మాడ్యూల్స్‌ను చివరి ఆరు నెలలకు నెట్టకండి. వాటిని ట్రైనింగ్‌లోనే ముగించండి. ఆ ఆరు నెలలూ ఫైనల్ ఆరు పేపర్లకే సరిపోవు.

ఒక గ్రూప్ రాయాలా, రెండూ రాయాలా అన్న ప్రశ్నకు లెక్కతో జవాబు చెబుతాను. ప్రతి పేపర్‌లో 40, గ్రూప్ మొత్తం మీద 50 శాతం రావాలి. మొదటి గ్రూప్ ఒక్కటే రాసి 140 తెచ్చుకుంటే, మూడు పేపర్లలోనూ 40 దాటినా ఫెయిల్. అదే రెండు గ్రూపులూ కలిపి రాసి మొదటిదాంట్లో 140, రెండోదాంట్లో 165 వస్తే 600కి 305, ఏ పేపరూ 40కి తగ్గకపోతే రెండూ పాస్. బలమైన పేపర్ బలహీనమైనదాన్ని లాక్కొస్తుంది. ఫెయిలైనా ఏదైనా పేపర్‌లో 60 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే తర్వాతి మూడు అటెంప్టులకు ఎగ్జెంప్షన్ ఉంటుంది. కాబట్టి సిద్ధం కాగలిగినవారు రెండూ రాయడమే మేలు. కాగలిగినవారు అన్న మాట మళ్లీ చదవండి. సగం సిలబస్‌తో రెండు గ్రూపులకు కూర్చుంటే 38, 39లు వరసగా వస్తాయి, వాటిని ఏ అగ్రిగేటూ కాపాడదు.

రిజల్ట్ పోయినప్పుడు ఇంట్లో, ఆఫీసులో, ఊళ్లో అందరూ అడుగుతారు. ఈ కోర్సులో ఒకటి రెండు అటెంప్టులు పోవడం లోకమంతా చూసిందే, రిక్రూటర్లకూ తెలుసు. రెజ్యూమెలో దాచకండి, అడిగితే ఒక్క వాక్యంలో చెప్పి పని గురించి మాట్లాడండి.

పాసయ్యాక

మెంబర్‌షిప్ వచ్చాక ఉద్యోగమా, ప్రాక్టీసా? హైదరాబాద్‌లో అమెరికా క్లయింట్ల ఆడిట్, ట్యాక్స్ పనులు చేసే కేంద్రాలు చాలా ఉన్నాయి. మొదటి జీతం బాగుంటుంది. ఐదేళ్ల తర్వాత సొంత ఊళ్లో బోర్డు పెడదామనుకుంటే మాత్రం ఇక్కడి జీఎస్టీ, ఇక్కడి అప్పీళ్లు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ఆ లెక్క ముందే వేసుకోండి. పూర్తికాలం ఉద్యోగంలో ఉండి పక్కన ఆడిట్ సంతకాలు పెడదామనుకోవద్దు. పార్ట్‌టైం సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్ ఉన్నా ఆడిట్ రిపోర్టుల మీద సంతకానికి అది పనికిరాదు. తెలిసినవాళ్ల ఫర్మ్‌కి పేరు అరువివ్వడం అంతకన్నా ప్రమాదం.

ప్రాక్టీస్ పెడితే మొదటి రెండేళ్లలో వచ్చే క్లయింట్లలో కొందరు పాత ఆడిటర్‌తో గొడవపడి వచ్చినవారే. ఫీజు ఎగ్గొట్టి వచ్చినవారు, క్వాలిఫికేషన్ రాస్తానన్నందుకు మార్చేసినవారు. ఖాళీగా కూర్చున్న రోజుల్లో ఇలాంటి ఆడిట్ ఒకటి వస్తే కాదనడం కష్టమే. ఒప్పుకునే ముందు పాత ఆడిటర్‌కు ఉత్తరం రాసి తెలియజేయడం మర్యాద కోసం కాదు, అది సీఏ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న నిబంధన. మాట వరసకు ఫోన్ చేసి ఊరుకోకండి. అక్నాలెడ్జ్‌మెంట్ వచ్చేలా పోస్ట్‌లో పంపండి, ఆ రసీదు ఫైల్‌లో మొదటి కాగితంగా పెట్టండి. పాత ఫీజు బాకీ ఉందని తెలిస్తే, క్లయింట్ దానిమీద వివాదమేమీ చెప్పకపోతే, అది తీరేదాకా నియామకం ఒప్పుకోకండి. ఆయనకు ఎగ్గొట్టినవాడు మీకూ ఎగ్గొడతాడు.